నెలలు నిండని బిడ్డ – మెదడులోని త్రోవలు

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చదువబడిన ఉపన్యాసము)



ఏడవ నెలలో పుట్టిన బిడ్డ బ్రతుకును, ఎనిమిదవ నెలలో పుట్టిన బిడ్డ బ్రతుకదు అను మాట మన పల్లెలలో విననివారుండరు. ఇది మన పెద్దలు మాత్రమే చెప్పిన మాట కాదు. రెండువేల యేండ్లకు పూర్వమే గ్రీకు వైద్యులు ఎనిమిదవ నెల బిడ్డను గూర్చి ప్రత్యేకముగా ఒక గ్రంథమే వ్రాసి, ఈ అభిప్రాయమునే అందు నిలిపిరి. రెండు దేశములవారు చెప్పినంత మాత్రమున అసత్యము సత్యము కాదు. గర్భమున గడచిన ప్రతి వారమును బిడ్డకు బలమే. ఏడవ నెల బిడ్డకంటె ఎనిమిదవ నెల బిడ్డకు బ్రతుకు ఆశ హెచ్చు. ఈ మాటను నమ్మి, "ఎట్లును నిలువని బిడ్డ" యని తలచి, పాలు పిండి పోయక, వెచ్చగా నుంచక, ఆసుపత్రికి తీసికొనిపోక ఊరకున్న యిండ్లు కలవు. అజ్ఞానము హాస్యాస్పదముగా కనబడవచ్చును గాని దాని మూల్యము చెల్లించునది ఉయ్యాలలోని శిశువు.

వైద్యులు నెలలతో గాక వారములతో లెక్కింతురు. కడపటి ముట్టు మొదటి దినము మొదలుకొని 40 వారములు, అనగా 280 దినములు, నిండు గర్భము. 37 వారములు నిండకమునుపు పుట్టినవారు నెలలు నిండని శిశువులు. 32 వారములకు లోపల పుట్టినవారు మిక్కిలి ముందుగా వచ్చినవారు. 28 వారములకు లోపలివారు అత్యంత దుర్బలులు. 2020వ సంవత్సరమున ప్రపంచమంతటను సుమారు 1 కోటి 34 లక్షలమంది శిశువులు ఇట్లు నెలలు నిండకయే పుట్టిరి. పుట్టిన ప్రతి పదిమందిలోను సుమారు ఒకరన్నమాట. వారిలో సుమారు 30 లక్షలమంది భారతదేశమున పుట్టినవారే. ఏ యితర దేశమునను ఇంతమంది లేరు. ఐతే వీరిలో అధికసంఖ్యాకులు 32 వారములు దాటిన తరువాత పుట్టినవారగుట ఊరట కలిగించు సంగతి.

కారణములు పెక్కులు. కవల గర్భము, తల్లికి రక్తపు పోటు, మధుమేహము, గర్భాశయమునకు సోకిన సూక్ష్మజీవులు, కాన్పునకును కాన్పునకును నడుమ తగినంత ఎడము లేకుండుట వాటిలో కొన్ని. అనేక సందర్భములలో ఏ కారణమును కనబడదు. కోడలు గడప మీద కూర్చున్నదనియో, గ్రహణమునాడు బయటికి వచ్చినదనియో నిందించుట అన్యాయము. నిందపడిన బాలింతకు పాలు చేపుట కూడ కష్టమగును.

ఇది బ్రతుకును గూర్చిన మాట. బ్రతికిన బిడ్డ ఎట్లు పెరుగును, ఎట్లు నడచును, ఎట్లు చదువును అనునది రెండవ ప్రశ్న. ఆ ప్రశ్నకు సమాధానము చాలవరకు మెదడులోని త్రోవలలో నున్నది.

మెదడు అనగా తల నిండ పోసిన ముద్ద కాదు. అది కోట్లకొలది నాడీకణములును, వాటిని ఒకదానితో నొకటి కలుపు సన్నని తంతువులును చేరిన గొప్ప నగరము. ఇండ్లు కట్టినంత మాత్రమున నగరము కాదు. ఇంటికిని ఇంటికిని త్రోవ ఉండవలెను. మెదడు పై పొరలోని కణములలో అత్యధిక భాగము గర్భము సగము దాటునప్పటికే పుట్టి యుండును. మిగిలిన మాసములలో జరుగు పెద్దపని త్రోవలు వేయుట. 24వ వారమున మెదడు ఉపరితలము నున్నగా నుండును. నెలలు నిండునప్పటికి అది ముడుతలు పడి, మడతలు పెట్టిన వస్త్రమువలె తక్కువ చోటున ఎక్కువ వైశాల్యమును ఇముడ్చుకొనును. 34వ వారమున మెదడు బరువు నెలలు నిండిన బిడ్డ మెదడు బరువులో మూడింట రెండు వంతులు మాత్రమే. 29వ వారమునకును 41వ వారమునకును నడుమ పై పొర పరిమాణము సుమారు నాలుగు రెట్లు పెరుగును. శరీరములో మరి యే యవయవమును ఈ దినములలో ఇంతటి రూపభేదమును పొందదనినను తప్పులేదు.

ఈ త్రోవలు పడు తీరు మిక్కిలి విచిత్రమైనది. మెదడు నడుమ గ్రుడ్డు ఆకారమున రెండు ముద్దలు కలవు. వానికి థాలమస్ అని పేరు. ఊరికి తపాలా కార్యాలయమెట్టిదో మెదడునకు థాలమస్ అట్టిది. వాసన తప్ప, కన్ను చూచినది, చెవి విన్నది, చర్మము తాకినది అంతయు ముందు అక్కడికి చేరి, అక్కడినుండి పై పొరలోని తగిన స్థానమునకు పంచబడును. థాలమస్ నుండి బయలుదేరిన తంతువులు పై పొర దగ్గరకు వచ్చియు వెంటనే లోపల ప్రవేశింపవు. పై పొర క్రింద సబ్‌ప్లేటు అనెడి తాత్కాలికమైన పొర యొకటి యుండును. పెండ్లివారు ఊరు చేరి విడిదిలో దిగినట్లు ఈ తంతువులు అక్కడ కొన్ని వారములపాటు నిలిచియుండును. సుమారు 24వ వారము మొదలుకొని అవి విడిది వీడి పై పొరలోనికి ప్రవేశించి, తమతమ స్థానములను వెదకికొనును. పని ముగిసిన పిదప పెండ్లిపందిరి విప్పినట్లు ఆ తాత్కాలికపు పొర క్రమముగా కరగిపోవును. పెద్దవారి మెదడులో దాని జాడ మిగులుట స్వల్పము.

ఇప్పుడు 26వ వారమున పుట్టిన బిడ్డను తలచుకొనవలెను. విడిదిలోనివారు ఇల్లు చేరుచున్న సమయమున ఆ బిడ్డ బయటి లోకమున పడినది. ఇంకను చీకటిలో, వెచ్చని నీటిలో, తల్లి గుండె చప్పుడు వినుచు వేసికొనవలసిన త్రోవలను అది దీపముల వెలుగున, యంత్రముల రొదలో, సూది పోట్ల నడుమ వేసికొనవలెను. పని ఆగదు, పని జరుగు చోటు మాత్రము మారినది. నారుమడిలో ఇంకొక మాసముండవలసిన నారును ముందుగా పెరికి నాటినట్లు.

అపాయములు మరి రెండు కలవు. మొదటిది రక్తస్రావము. మెదడు లోపలి గదుల ప్రక్కన ఈ వయస్సున అతి సున్నితమైన రక్తనాళముల వల యుండును. రక్తపు పోటు కొంచెము హెచ్చుతగ్గులైనను అవి చిట్లవచ్చును. ఇట్టి రక్తస్రావము చాలవరకు పుట్టిన మొదటి మూడు దినములలోనే సంభవించును. రెండవది తొడుగునకు సంబంధించినది. విద్యుత్తు తీగకు తొడుగున్నట్లే నాడీతంతువునకు మైలిన్ అను క్రొవ్వు తొడుగు ఏర్పడును. దానివలన సంకేతముల వేగము అనేక రెట్లు హెచ్చును. ఆ తొడుగును అల్లవలసిన కణములు 23వ వారమునకును 32వ వారమునకును నడుమ ఇంకను పసితనములో నుండి, రక్తము చాలకున్నను, సూక్ష్మజీవులు సోకినను త్వరగా దెబ్బతినును. కాళ్లకు పోవు త్రోవలు మెదడు గదుల అంచుననే యున్నవి. కావున ముందుగా పుట్టిన కొందరు బిడ్డలకు కాళ్లు బిగిసికొనిపోవుట కలదు. ఈ సంబంధమును మొదట గుర్తించి లోకమునకు చెప్పినవాడు విలియం జాన్ లిటిల్ అను ఆంగ్ల వైద్యుడు. 1861వ సంవత్సరమున లండను నగరపు ప్రసూతి వైద్యుల సంఘమున ఆయన తన పరిశీలనములను చదివెను. లిటిల్ గారికి బాల్యముననే పాదము వంకరపోయినది. నడవలేని పిల్లల కష్టము ఆయనకు పరుల కష్టము కాదు.

ఆ కాలమున ఇట్టి బిడ్డలను వెచ్చగా నుంచుటయే తెలియక పోగొట్టుకొనుచుండిరి. పారిసు నగరమున స్తెఫాన్ తార్నియే అను ప్రసూతి వైద్యుడు కోడిగ్రుడ్లను పొదిగించు పెట్టెలను జంతు ప్రదర్శనశాలలో చూచి, అట్టి వెచ్చని పెట్టె శిశువునకు ఏల పనికిరాదని తలంచి, 1880వ సంవత్సర ప్రాంతమున దానిని చేయించెను. అదియే ఇంక్యుబేటరు. దానివలన మరణములు తగ్గినవి. కాని మేలుతోపాటు ఒక యెడబాటును వచ్చినది: బిడ్డ గాజు లోపల, తల్లి గాజు వెలుపల. తార్నియే శిష్యుడైన పియేర్ బుదాఁ దీనిని పసిగట్టెను. బిడ్డకు దూరమై, పాలిచ్చుటకు నోచుకొనని తల్లులకు ఆ బిడ్డపై మమకారమే సన్నగిల్లుచున్నదని ఆయన 1900వ సంవత్సరమున ప్రచురించిన గ్రంథమున హెచ్చరించెను. ఆ హెచ్చరికను తరువాతివారు చాలకాలము పెడచెవిని పెట్టిరి. సూక్ష్మజీవుల భయమున ఆసుపత్రులు తల్లులను వాకిట నిలిపినవి.

మేలు చేయబోయి కీడు చేసిన మరియొక కథయు చెప్పక తప్పదు. 1940, 50 దశకములలో ఊపిరాడని శిశువులకు ప్రాణవాయువును లోభము లేక ఇచ్చిరి. దానివలన వేలకొలది పిల్లలు గ్రుడ్డివారైరి. కారణము అధిక ప్రాణవాయువేనని 1950 దశకపు నడుమకు గాని నిర్ధారణ కాలేదు. నేడు కొలిచి ఇచ్చుచున్నారు. ఐనను నెలలు నిండని ప్రతి చిన్నబిడ్డ కంటిపొరను పుట్టిన నెలలోపల కంటి వైద్యుడు పరీక్షింపవలెను. ఈ ఒక్క మాటను తల్లులు జ్ఞాపకముంచుకొనిన చాలును, తక్కిన యుపన్యాసము మరచినను దోషము లేదు.

బ్రతికియున్న బిడ్డ మెదడులోని త్రోవలను కంటితో చూచుటెట్లు? కోయకుండ, నొప్పింపకుండ, నిద్రించుచున్న శిశువు తలను అయస్కాంత యంత్రములో నుంచి చూచు పద్ధతి వచ్చినది, దానిని ఎం.ఆర్.ఐ. అందురు. దాని కిటుకు రైతునకు సులభముగా తెలియును. దున్నిన చేలో నీరు నాగటి చాళ్ల వెంబడి పరుగెత్తును గాని చాళ్లకు అడ్డముగా అంత వేగముగా పోజాలదు. మెదడులోని నీటికణములును అట్లే తంతువుల వెంబడి కదలును. నీరు ఎటు పోవుచున్నదో యంత్రము కొలువగా చాళ్లు ఎటున్నవో తెలిసిపోవును. మరియొక పద్ధతి కలదు. రాత్రివేళ మిద్దె మీదినుండి చూచునపుడు రెండు దూరపు ఇండ్లలో దీపములు ఒక్కసారి వెలిగి ఒక్కసారి ఆరుచున్నచో, ఆ రెంటికి ఒకే తీగ కలదని ఊహింతుము గదా. మెదడులో వేర్వేరు తావులు ఒకే లయలో మేల్కొనుచు తగ్గుచు నుండుటను బట్టి వాటికి పొత్తు కలదని అట్లే తెలిసికొందురు. 2007వ సంవత్సరమున స్వీడను దేశపు స్టాక్‌హోం నగరమున నెలలు నిండక పుట్టిన 12మంది శిశువులను ఇట్లు చూడగా, వారు నిద్రించుచున్నను మెదడులో ఐదు జట్లు తమలో తాము సంభాషించుకొనుచున్నట్లు కనబడెను.

లండను శాస్త్రజ్ఞులు 2014లో ప్రకటించిన ఫలితము విశేషమైనది. మెదడులోని ప్రధాన కూడళ్లును, కూడళ్లను కలుపు రాజమార్గములును 30వ వారమునకే ఏర్పడియుండును. ముందుగా పుట్టిన బిడ్డ, ఆసుపత్రిలోనో ఇంటనో పెరిగి, పుట్టవలసిన దినమునకు చేరుకొనినప్పుడు చూడగా ఆ రాజమార్గములు చెక్కుచెదరక యున్నవి. ఐతే లోతైన ముద్దలనుండి పై పొరకు పోవు త్రోవలును, పొరుగు తావులను కలుపు చిన్న త్రోవలును నెలలు నిండి పుట్టినవారిలో నున్నంత బలముగా లేవు. అనగా విడిదినుండి ఇల్లు చేరవలసినవారి ప్రయాణమే కొంత చెడినదన్నమాట. నిరాశపడవలసిన సంగతి ఇందు లేదు. పునాది యున్నది, తరువాతి పని ఎట్టి చోట, ఎట్టి చేతులలో జరుగునో దానినిబట్టి ఫలితము మారుటకు అవకాశమున్నది. ఈ అవకాశమే నేటి వైద్యమునకు ఊపిరి.

అవకాశము నిజముగా కలదా, లేక అది తల్లిదండ్రులను ఓదార్చుటకు పుట్టిన మాటయా? అమెరికాలోని బోస్టను నగరమున హైడెలీజ్ ఆల్స్ అను విదుషీమణి 30మంది శిశువులతో జరిపిన పరీక్ష 2004లో వెలువడెను. కొందరికి మామూలు ఆసుపత్రి పరిచర్య. కొందరికి వెలుగు తగ్గించి, శబ్దము తగ్గించి, బిడ్డ యలసినపుడు తాకుట మాని, చేతులతో పొదివి పట్టుకొని చేసిన పరిచర్య. మందు భేదము లేదు. కాని రెండవ తెగవారి మెదడు త్రోవలు మరింత పక్వముగా కనబడినవి. తొమ్మిది నెలల వయస్సున వారి నడవడియు మెరుగుగా నుండెను. ముప్పదిమంది చిన్న లెక్క. ఐనను త్రోవ చూపిన లెక్క.

ఇంతకంటె పెద్ద సాక్ష్యము ధనిక దేశమునుండి రాలేదు. దక్షిణ అమెరికాలో కొలంబియా అను దేశము కలదు. దాని రాజధాని బొగోటా. అచ్చటి ప్రసూతి ఆసుపత్రిలో 1978వ సంవత్సరమున ఇంక్యుబేటర్లు చాలకుండెను. ఒక పెట్టెలో ఇద్దరు ముగ్గురు శిశువులను పెట్టగా ఒకరి జాడ్యము ఇంకొకరికి సోకుచుండెను. ఎడ్గార్ రే సనాబ్రియా అను వైద్యుడు గత్యంతరము లేక బిడ్డను తల్లి రొమ్ముల నడుమ, చర్మమునకు చర్మము తగులునట్లు, నిలువుగా పెట్టి వస్త్రముతో కట్టించెను. ఆహారము తల్లిపాలు. వెచ్చదనము తల్లి దేహము. కంగారు అను జంతువు సంచిలో పిల్లను మోయునట్లు కనబడుటచేత దీనికి కంగారు పద్ధతి యను పేరు వచ్చినది. లేమినుండి పుట్టిన ఉపాయమగుటచేత దీనిని పేదల వైద్యమని కొందరు చిన్నచూపు చూచిరి. బొగోటా వైద్యులు మాటలతో వాదింపక, 1993 మొదలు 1996 వరకు శిశువులను చీటీలు వేసినట్లు రెండు తెగలుగా విభజించి పరీక్ష ప్రారంభించిరి. అంతటితో విడువలేదు. ఆ పిల్లలు ఇరువది యేండ్లవారైనపుడు వారిని మరల వెదకి పిలిపించిరి. పుట్టినపుడు 1800 గ్రాములకు మించని 264మంది యువకులను, యువతులను పరీక్షించి 2017లో ఫలితమును ప్రకటించిరి. తల్లి రొమ్మున పెరిగినవారు బడి మానుట తక్కువ; దుడుకుతనము, కోపము తక్కువ; మెదడు లోపలి ఒక ముఖ్య భాగము వారిలో పెద్దదిగా నుండెను. దీనికి ముందే, 2012లో, కౌమార దశలోనున్న కొందరిని కెనడా శాస్త్రజ్ఞులు పరీక్షించిరి. మెదడు కుడి యర్ధమునుండి ఎడమ యర్ధమునకు సంకేతము పోవు తీరు, కంగారు పద్ధతిలో పెరిగినవారిలో నెలలు నిండి పుట్టినవారి తీరునకు సమీపముగా నుండెను. పసితనమున కొన్ని వారములు ఒడిలో నుండిన గుర్తు పదునైదేండ్ల మెదడులో నిలిచినది.

ఐనను ఒక సందేహము మిగిలెను. అంతవరకు వైద్యులు బిడ్డ తేరుకొనిన తరువాతనే తల్లి రొమ్మున పెట్టించుచుండిరి. మరణములు ఎక్కువగా సంభవించునది అంతకుముందే. పుట్టిన వెంటనే పెట్టినచో? ప్రపంచ ఆరోగ్య సంస్థ ఘానా, మలావి, నైజీరియా, టాంజానియా, భారతదేశములలోని ఆసుపత్రులలో ఈ ప్రశ్నను పరీక్షించెను. మన దేశమున ఢిల్లీలోని సఫ్దర్‌జంగ్ ఆసుపత్రి ఇందు పాల్గొనెను. 1 కిలో మొదలు 1800 గ్రాములకు లోపలి బరువుగల 3211మంది శిశువులు ఇందు చేరిరి. పుట్టిన వెంటనే రొమ్మున పెట్టిన తెగవారు ఆసుపత్రిలో దినమునకు సుమారు 17 గంటలు అట్లే యుండిరి. 28 దినములలోపల మరణించినవారు పాత పద్ధతిలో నూటికి 15.7, క్రొత్త పద్ధతిలో నూటికి 12. భేదము ఇంత స్పష్టముగా నున్నపుడు ఇంకొక తెగవారికి ఆ మేలును నిరాకరించుట తగదని పరీక్షను మధ్యలోనే నిలిపివేసిరి. 2021లో ఫలితము వెలువడెను; 2022లో ఆరోగ్య సంస్థ దీనిని అన్ని దేశములకును సిఫారసు చేసెను. ఇందుకై ఆసుపత్రి గదిలో తల్లికి మంచము వేయవలసివచ్చెను. వాకిట నిలువబెట్టిన తల్లి నూరేండ్ల పిమ్మట లోపలికి వచ్చినది.

పద్ధతి కష్టమైనది కాదు. బిడ్డకు తలకు టోపి, కాళ్లకు మేజోళ్లు, మొలకు గుడ్డ తప్ప వేరు వస్త్రముండరాదు. రొమ్ముల నడుమ నిలువుగా, కప్పవలె కాళ్లు చేతులు ముడుచుకొనునట్లు ఆనించి, తల ఒక ప్రక్కకు త్రిప్పి, ముక్కునకు గాలి తగులునట్లు చూచి, మెత్తని వస్త్రముతో కట్టవలెను. తల్లి పడుకొనునపుడు వీపు క్రింద తలగడలు పెట్టుకొని ఒరిగి పడుకొనవలెను. తల్లి అలసినపుడు తండ్రియు, అమ్మమ్మయు, నాయనమ్మయు ఇదే పని చేయవచ్చును. మన యిండ్లలో పురిటి మైల యని పది పదునొకండు దినములు బాలింతను బిడ్డను తాకని ఆచారము కలదు. మైల యనుచు దూరముగా నిలిచిన తండ్రి రొమ్ములోని వెచ్చదనము ఆ దినములలో బిడ్డకు ఔషధమగునని పెద్దలు యోచింపవలెను. చిన్నబిడ్డకు నలుగు పెట్టి కాళ్లపై పరుండబెట్టి చెంబులతో నీళ్లు పోయుట, సాంబ్రాణి పొగ వేయుట కూడ ఆ దినములలో కూడదు. మొదటిది చలి, రెండవది ఊపిరితిత్తులకు బరువు. బిడ్డ రెండున్నర కిలోలకు చేరునప్పటికి తానే కాళ్లు చాచి, పెనుగులాడి, ఇక చాలునని తెలుపును. అప్పుడు దించవచ్చును.

పాలును, మాటయు కూడ త్రోవలు వేయు పనివారే. ఎడింబరో నగరమున 2019లో జరిగిన పరిశీలనములో ఆసుపత్రి దినములలో అధిక భాగము తల్లిపాలతో పెరిగిన శిశువుల మెదడు త్రోవలు ఇతరులకంటె మెరుగుగా కనబడినవి. బోస్టనులో తల్లి కంఠమును, గుండె చప్పుడును కొన్ని గంటలసేపు వినిపింపగా వినికిడికి సంబంధించిన పై పొర దట్టమైనది. జెనీవా వైద్యుల కథ మరింత చమత్కారమైనది. శిశువులను మేలుకొల్పుటకు, జోకొట్టుటకు తగిన సంగీతము కావలెనని వారు ఒక స్వరకర్తను కోరిరి. ఆయన పలువిధముల వాద్యములను శిశువుల యెదుట వాయించి చూచెను. వారిని ఎక్కువగా ఆకర్షించినది మన దేశపు పాములవాని నాగస్వరము. ఏడ్చుచు కొట్టుకొనుచున్న బిడ్డలు సైతము ఆ నాదమునకు నెమ్మదించి ఆలకించిరట. దానిని, వీణజాతి వాద్యమును, గంటలను కలిపి ఎనిమిదేసి నిమిషముల గీతములు కూర్చి వినిపించిరి. అట్లు విన్నవారి మెదడు జట్ల నడుమ పొత్తు నెలలు నిండినవారిదానికి దగ్గరగా నుండెనని 2019లో ప్రకటించిరి. ఇది విని ఉయ్యాల ప్రక్కన నాగస్వరము ఊదింపవలదు, రేడియో పెద్దగా పెట్టవలదు. అక్కడ నాదము మిక్కిలి మెల్లగా, కొలిచి వినిపించినది. ఇంట తల్లి కూనిరాగము చాలును.

పుట్టకమునుపే చేయదగిన దొకటి కలదు. న్యూజీలాండు దేశపు లిగిన్స్ అను వైద్యుడు గొర్రెలపై పరిశోధించుచు, ఒక మందు నిచ్చిన గొర్రె ముందుగా ఈనిన పిల్ల, చావవలసినది, ఊపిరి తీయుచుండుట చూచి ఆశ్చర్యపడెను. హౌవీ అను వైద్యునితో కలిసి దానినే తల్లులపై పరీక్షించి 1972లో ప్రకటించెను. కాన్పునకు ముందు తల్లికి ఇచ్చు ఆ సూదిమందు బిడ్డ ఊపిరితిత్తులను పక్వము చేయును. మెదడులోని రక్తస్రావమును తగ్గించును. దాని పనికి కొంత వ్యవధి కావలెను. నొప్పులు ముందుగా వచ్చిన చూలాలిని తెల్లవారుదాక చూతమని ఇంట నుంచుకొనినచో ఆ వ్యవధి చేజారిపోవును.

ఇంటికి వచ్చిన బిడ్డ సంగతి. రెండు నెలలు ముందుగా పుట్టిన బిడ్డకు ఆరు నెలలు నిండినపుడు దాని మెదడు వయస్సు నాలుగు నెలలే. రెండేండ్లు వచ్చువరకు ఇట్లు తగ్గించియే లెక్కింపవలెను. పొరుగింటి బిడ్డ బోర్లపడినది, మన బిడ్డ పడలేదని దిగులుపడుటకు ముందు ఈ తీసివేత చేయవలెను. తగ్గించి లెక్కించిన తరువాత కూడ మూడు నెలలకు నవ్వకున్నను, నాలుగైదు నెలలకు మెడ నిలుపకున్నను, పిడికిళ్లు విప్పకున్నను, తొమ్మిది నెలలకు కూర్చుండకున్నను, కాళ్లు కత్తెరవలె బిగిసికొనుచున్నను జాగు చేయక వైద్యునికి చూపవలెను. వినికిడి పరీక్ష మూడు నెలలలోపల చేయింపవలెను. పసి మెదడు క్రొత్త త్రోవలు వెదకికొనగల కాలమది. మూడేండ్లు చూచి తీసికొనిపోవుదమనుట ఆ కాలమును పోగొట్టుకొనుట.

నెలలు నిండక పుట్టినవారిలో అధికులు అందరివలెనే బడికి పోయి, పెండ్లిండ్లు చేసికొని, సంసారములు చేయుచున్నారు. ఐజాక్ న్యూటను ముందుగా పుట్టినవాడే. చిన్న కుండలో ఇమిడిపోవునంత చిన్నవాడుగా నుండెనని తల్లి చెప్పెడిదట. ఐనను కొందరికి చూపు నిలుపుట, లెక్కలు చేయుట, ఒకచోట కుదురుగా కూర్చుండుట కష్టమగును. ఆ కష్టము బద్ధకముగా కనబడును. అట్టి పిల్లవానిని మొద్దు అని పిలుచుట మన బడులలో ఇంకను పోలేదు. ఏడవ యేట అక్షరముల వరుస తప్పుచున్న పిల్లవానికి బెత్తము చూపుటకంటె, వాడు ఎన్నవ వారమున పుట్టినాడో తల్లిని అడిగి, కళ్లను, చెవులను పరీక్ష చేయించి, ముందు వరుసలో కూర్చుండబెట్టి, ఒకేసారి ఒక్క పని చెప్పుట ఉపాధ్యాయునకు సులభము, పిల్లవానికి ఉపకారము.